చౌరస్తా డీటీపీ సెంటర్: మూడు ప్రూఫులు, మూడొందల కాపీలు

మొదట లెక్క చెప్తాను. నేను గుమస్తాను. లెక్క చెప్పకుండా మాట మొదలుపెట్టడం నాకు చేతకాదు.

నేను సొంత డబ్బుతో వేయించుకున్న కథల పుస్తకం, 128 పేజీలు, డెమ్మీ సైజు. లోపల 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఇన్ని గ్రాములని లెక్క) మ్యాప్‌లితో కాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, దానిమీద మ్యాట్ లామినేషన్. 300 కాపీలు. పేజీ సెట్టింగు, ప్రూఫులు (తప్పులు దిద్దడానికి ఇచ్చే నమూనా ప్రింట్లు) కలిపి పేజీకి 25 చొప్పున 3,200. అట్ట డిజైన్ 1,500. అచ్చు, బైండింగ్ కాపీకి 78 చొప్పున 23,400. కట్టలు ఇంటికి తెచ్చిన ఆటోకు 250. మొత్తం 28,350 రూపాయలు.

హనుమకొండ చౌరస్తా నుంచి లోపలికి పోయే ఒక గల్లీలో, టిఫిన్ సెంటర్ పక్కన మెట్ల కింద ఉంటుంది ఈ డీటీపీ సెంటర్. పేరు రాయడం లేదు. రాస్తానంటే ఓనరన్నే వద్దన్నాడు. "పెండ్లి కార్డులకే టైం సరిపోతలేదన్నా, మల్ల నువ్వు కథలోళ్లను తోలకు" అన్నాడు. అయినా వెతుక్కునేవాళ్లు వెతుక్కుంటారు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న ఎవరినైనా అడగండి, పదిమందిలో ముగ్గురు ఈ మెట్ల కిందికి వచ్చి పోయినవాళ్లే.

నేను నేరుగా ఇక్కడికి రాలేదు. ముందు ఫోన్‌లో ఒక ప్రకటన చూసి వేరే ఊరి కంపెనీకి నా కథలు పంపాను. రెండు రోజుల్లో ఒకమ్మాయి ఫోన్ చేసి "కంగ్రాట్స్ సార్, మీ మాన్యుస్క్రిప్ట్ సెలెక్ట్ అయింది" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి వాట్సాప్‌లో మూడు ప్యాకేజీలు వచ్చాయి, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని. సెలెక్ట్ అయింది నా పుస్తకం కాదు, నా జేబు అని అర్థమయ్యే లోపల 5,000 అడ్వాన్సు కట్టేశాను. ఆ ప్యాకేజీలో ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరుకు, 3,000 అని విడిగా రాసి ఉంది. మన దేశంలో ఆ నంబరు ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో రచయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ ముక్క నాకు చెప్పింది డీటీపీ ఓనరన్న. ఆధార్ కార్డు, టైటిల్ పేజీ ఆయనే స్కాన్ చేసి ఇచ్చాడు, అప్‌లోడ్ నేను చేసుకున్నాను. స్కానింగుకు 20 రూపాయలు తీసుకున్నాడు, పైన చెప్పిన లెక్కలో అది కలపలేదు. ఆ 5,000 మాత్రం ఇంకా రాలేదు, ఇక రాదు కూడా.

నా పని గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పే గొడవ అర్థం కాదు. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా తక్‌పట్టీలు రాస్తున్నాను. రైతు సరుకు ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ రేటు, హమాలీకి ఎంత, తూకం వేసే దడ్వాయికి ఎంత, చేతికి ఎంత. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్‌లో తల ఎత్తే తీరిక ఉండదు. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు రేటు తేల్చే వేలం, అయ్యాక, ఆ రేటు చెవిన పడ్డ రైతు మొహం చూసి తక్‌పట్టీ రాయాలి. కొందరు ముందురోజు రాత్రే వచ్చి బస్తాల మీదే పడుకుంటారు. వాళ్లు రాత్రి మాట్లాడుకునే మాటలు ఏ చిట్టాలోనూ ఎక్కవు. ఒకాయన కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "మా ఇంటామెకు సదువు రాదు, దీనికి ఎనుక మంచిగ రాసియ్యి సారూ" అన్నాడు. ఏం రాయమంటావంటే, "మంచి రేటు అచ్చిందని." ఆయనకు చదువు రాదు, ఆమెకూ రాదు. రాసిచ్చాను. నా మొదటి కథ అది.

తర్వాతవన్నీ ఫోన్‌లో కొట్టాను. రాత్రి పదింటికి ఇల్లు చేరి, తిని, ఆరుబయట కూర్చుని, నాకు నేనే వాట్సాప్ మెసేజ్‌లు పెట్టుకునేవాణ్ని. 'అచ్చిండు' అని కొడితే ఫోన్ పైన ఇంకేదో మాట చూపించేది. నాలుగు నెలలకు దానికీ అలవాటైంది. ఫోన్ నేర్చుకుంది గానీ మనుషులతో ఆ గొడవ తర్వాత వచ్చింది.

సెంటర్‌లో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక బెంచీ. ఆ బెంచీ గురించి విడిగా రాయొచ్చు. పత్రికకు పంపితే జవాబు రాని కథ, పోటీలో సాధారణ ప్రచురణకు కూడా నోచుకోని కథ, అన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి. నేను ప్రూఫుల కోసం కూర్చున్న సాయంత్రాల్లో ముగ్గురు తారసపడ్డారు. భూపాలపల్లి నుంచి వచ్చిన సింగరేణి కార్మికుడు ఒకాయన, ఫస్ట్ షిఫ్టు చేసుకుని బస్సెక్కి వచ్చేవాడు. వచ్చే ఏడు రిటైర్మెంట్. ఆ రోజు దోస్తులకు దావత్‌తో పాటు తన కథల పుస్తకం చేతిలో పెట్టాలని కోరిక. 200 చాలన్నాడు, ఎందుకంటే బాయి మీద, అంటే గనిలో, తనకు తెలిసినవాళ్లు అంతమందే మిగిలారట. ఆ మాట నవ్వుతూనే అన్నాడు. ఇంకొకరు నర్సంపేట వైపు స్టాఫ్ నర్సు. ప్రతిలిపి యాప్‌లో సీరియల్ రాస్తుంది, నైట్ డ్యూటీ మధ్యలో. చదివేవాళ్లు వేలల్లో ఉన్నారు, కామెంట్లు చూపించింది. మరి అచ్చు ఎందుకమ్మా అంటే, "మా బాపు ఫోన్ల సదవడు అన్నా" అంది. ఆమె వేయించింది పాతిక కాపీలు, డిజిటల్ ప్రింటు. మూడో ఆయన జనగామ సారు, రిటైరైన టీచరు, ఇది తొమ్మిదో పుస్తకం. కొడుకు ఫోన్ చేస్తే "బ్యాంకు కాడ ఉన్న బిడ్డా" అని చెప్పడం మా ముందరే జరిగింది. పెన్షన్‌లోంచి పుస్తకాలు వేస్తున్నాడని ఇంట్లో తెలియదు. తొమ్మిది పుస్తకాలు ఇంట్లో తెలియకుండా ఎక్కడ దాస్తాడో ఆయననే అడగాలి.

ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా డబ్బు వస్తుందని అనలేదు. పేరు వస్తుందని కూడా పైకి అనలేదు. నేనైతే లోపల అనుకున్నాను, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక పని ఎలా ఉందో చెప్తాను.

మొదటి ప్రూఫు వారంలో ఇచ్చారు. ఫోన్‌లో కొట్టింది యూనికోడ్, అంటే ఫోన్లు వాడే అక్షరాల పద్ధతి. వీళ్లు పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పని చేసేది పాత పద్ధతి అను ఫాంటుతో. ఒకదాని నుంచి ఇంకోదానికి మారిస్తే మూడు హల్లులు కలిసిన చోట ఒత్తులు ఎగిరిపోతాయి. 'రాష్ట్రం' అన్న మాట ఉన్న ప్రతిచోటా గందరగోళమే. అది వాళ్ల తప్పు అనను, ఎక్కడికి పోయినా ఇదే ఉంటుంది. ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చాను.

రెండో ప్రూఫు మార్కెట్‌కు తీసుకుపోయాను. మధ్యాహ్నం దుకాణంలో జనం లేనప్పుడు తెరిచాను. నాలుగో కథలో రైతు పొద్దున్నే అరక కట్టే చోట ఇలా ఉంది: "ఎద్దుల మెడ మీద దగ్గరి వేశాడు." ఏంటిది? రెండుసార్లు చదివాను. కింద ఇంకో చోట, "దగ్గరి కింద పెట్టి తువ్వాల దులిపాడు." అప్పుడు వెలిగింది. నేను రాసింది 'కాడి'. మా దిక్కు మాటల్లో 'కాంటా కాడ', 'బాయి కాడ', 'ఇంటి కాడ' అని నా పాత్రలు అంటాయి. ఎవరో 'కాడ' అని ఉన్నచోటల్లా 'దగ్గర' పెట్టమని కంప్యూటర్‌కు ఒక్క దెబ్బలో చెప్పారు. అది ఎద్దు మెడ మీది కాడిని కూడా వదల్లేదు.

వెనక్కి పోయి చూస్తే 'అచ్చిండు' అంతా 'వచ్చాడు' అయింది. 'గిట్ల' 'ఇలా' అయింది. 'ఏందుల్లా' అని పిలిచిన ముసలమ్మ 'ఏమిటండీ' అంటోంది. బస్తాల మీద పడుకున్న నా రైతులు రాత్రికి రాత్రే రేడియోలో వార్తలు చదివేవాళ్లలా మాట్లాడుతున్నారు. లెక్కపెట్టాను, 212 చోట్ల. అలవాటు కొద్దీ తక్‌పట్టీ పుస్తకం వెనకే నంబర్లు వేసి రాసుకున్నాను.

సాయంత్రం కోపంగానే పోయాను. సెట్టింగ్ చేసే అమ్మాయి ధర్మసాగర్ నుంచి రోజూ బస్సులో వస్తుంది, పదిహేనేళ్ల అనుభవం. కీబోర్డు వైపు చూడకుండా కొడుతుంది. కాగితం ముందర పెట్టి అడిగాను.

"ఇదంత ఎవరు మార్చిన్రు చెల్లె?"

"నేనే అన్నా. తప్పులున్నయని సరిచేసిన."

"తప్పులా? మీ ఇంట్ల ఎట్ల మాట్లాడుతరు?"

కాసేపు ఆగింది. "మా ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడుతం. అచ్చుల ఇట్లుండొద్దేమో అనుకున్న."

ఆ మాటకు నా కోపం ఏమైందో తెలియదు. ఆమె వెనక గోడకు ఆనించి అప్పుడే ప్రింటై వచ్చిన ఒక ఫ్లెక్సీ ఉంది. సెప్టెంబర్ 9, కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవ శుభాకాంక్షలు. ఏదో కాలేజీ వాళ్లది. కొట్టింది ఆమే. పదిహేనేళ్లుగా పెళ్లి కార్డులు, గైడ్లు, క్వశ్చన్ పేపర్లు కొట్టిన చేతికి అచ్చులో ఏది ఉండాలో ఏది ఉండకూడదో అవే నేర్పాయి. నేను కూడా మొదటి రెండు కథల్లో కథకుడి మాటలు బడి భాషలోనే రాశానని, మా ఊరి మాటను కొటేషన్ గుర్తుల మధ్యే ఉంచానని అప్పుడే గుర్తొచ్చింది. ఆమెను ఏ మొహంతో అనను?

పాత ఫైలుతో మళ్లీ మొదలుపెడితే మొదటి ప్రూఫు దిద్దుబాట్లు పోతాయి. అందుకని 212 చోట్లా చేత్తోనే వెనక్కి మార్చింది. రెండు సాయంత్రాలు పట్టింది. నేను పక్కన కూర్చుని చదువుతుంటే ఆమె కొట్టింది. రెండో రోజు ఒకచోట ఆపి, "అన్నా, మా నాయినమ్మ 'ఏందుల్లా' అనకపోతుండె, 'ఏందే పొల్లా' అంటుండె. ఈ ముసలమ్మ మాట్లాడేది ఆడిపిల్లతోని గద?" అంది. నిజమే. మార్చాం. ఆ పుస్తకంలో అందరూ బాగుందని చెప్పే సంభాషణ అదే, అది నాది కాదు. మూడో ప్రూఫుకు డబ్బు అడగలేదు.

ఆ తర్వాత ఫారం లెక్క. తెలియనివాళ్లకు చెప్తాను. ఈ సైజులో పదహారు పేజీలు కలిసి ఒక ఫారం. ఎనిమిది ఫారాలంటే 128 పేజీలు. నా పుస్తకం 131కి వచ్చింది. మూడు పేజీల కోసం ఇంకో అర ఫారం వేయాలి, అందులో ఐదు పేజీలు తెల్లగా పోతాయి, ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఓనరన్న పేజీలు తిప్పి మూడు కథల దగ్గర ఆగాడు. మూడింటికీ చివరి పేజీలో నాలుగేసి లైన్లే ఉన్నాయి. "గీ నాలుగు లైన్లు ఏం చెప్తున్నయన్నా? ముందటి పేజీల చెప్పిందే గద" అన్నాడు. ఆయన కథలు చదివే మనిషి కాదు. కాగితం ఎక్కడ దండగవుతోందో చూసే మనిషి. ఇంటికి పోయి చదివితే ఆ పన్నెండు లైన్లూ రైతు కష్టం గురించి నేను పాఠకుడికి చెప్పిన నీతులే. తీసేశాను. 128కి సరిగ్గా కుదిరింది. నాలుగేళ్లు రాసినా నాకు ఆ సంగతి చెప్పిన ఎడిటరు లేడు. కాగితం రేటు చెప్పింది.

బాగాలేనివి కూడా ఉన్నాయి. అట్ట మీద నాకు తేజ మిర్చి ఎరుపు కావాలి. కంప్యూటర్ తెర మీద అచ్చంగా అలాగే ఉంది. శాంపిల్ ప్రింటు చూస్తే తాలు కాయ రంగు, వాన తగిలిన కల్లంలోంచి తెచ్చినట్టు. తెర మీద రంగు వెలుతురుతో వస్తుందని, కాగితం మీద సిరాతో వస్తుందని, రెండూ ఒకటి కావని చెప్పారు. సరే, ఆ సంగతి డిజైన్ చేసే రోజే చెప్పొచ్చు కదా? చివరికి మజెంటా, ఎల్లో సిరాలు రెండూ నూటికి నూరు పెట్టి ఇంకోటి తీస్తే దగ్గరికి వచ్చింది. తేజ కాదు గానీ మార్కెట్‌లో రెండో రకం రేటు పలుకుతుంది.

ఇంకోటి ఆలస్యం. పంద్రాగస్టుకు ఇస్తామన్నారు. శ్రావణం ముహూర్తాలు మొదలయ్యాక నా ఫైలు పెళ్లి కార్డుల కింద పడింది. ఫోన్ చేస్తే "రేపు అన్నా" అనేవాళ్లు, ఆ రేపు నెల దాటింది. కట్టలు చేతికి వచ్చేసరికి బతుకమ్మకు పూలు తెచ్చే రోజులు. అత్యవసరం ఉన్నవాళ్లు శ్రావణం, మాఘం చూసుకుని పోండి. బైండింగ్ గమ్ముతో అంటించేదే, కుట్టు కాదు. మొదటి నెలలో ఏడు కాపీలు పేజీలు ఊడాయి. తీసుకుపోతే మారు మాట లేకుండా మళ్లీ వేసిచ్చారు, అది మెచ్చుకోవాలి.

ఎన్ని వేయించాలి అన్నది అందరూ నన్ను అడిగే ప్రశ్న. ఆఫ్‌సెట్ అచ్చులో పేజీల ప్లేట్లు చేయించే ఖర్చు ఒక్కసారే కాబట్టి కాపీలు పెరిగితే ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. 500 వేస్తే 60లోపు పడుతుందని ఆశ పెట్టారు. వద్దనుకున్నాను, మంచిదైంది. నా 300 ఎటు పోయాయో ఇదీ లెక్క: ఊరికే ఇచ్చినవి 90. చేతి మీద వందకు అమ్మినవి 104, అందులో ముప్పై దాకా మార్కెట్‌లోనే, ఒక హమాలీ మూడు కొన్నాడు. పుస్తకాల షాపులో పెట్టినవి 30, అమ్ముడైనవి 18. వెల 120, కమీషన్ నలభై శాతం పోగా నాకు 72 చొప్పున 1,296. అన్నీ కలిపి వచ్చింది 11,696. మంచం కింద 76 ఉన్నాయి. 16,654 లోటు. మా సేటు ముందు ఈ చిట్టా పెడితే నన్ను గుమస్తా పనిలోంచి తీసేస్తాడు.

ఊరికే ఇచ్చినవాటిలో ఒకటి రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయానికి. 1904లో మన హనుమకొండలో పెట్టిన గ్రంథాలయం, అక్కడ బీరువాలో నా పుస్తకం ఉండాలని కోరిక, దానికి లెక్క లేదు. ఇంకోటి కలకత్తా నేషనల్ లైబ్రరీకి పంపాను. 1954 చట్టం ప్రకారం పుస్తకం వేసినవాళ్లు ముప్పై రోజుల్లో అక్కడికి, ఇంకో మూడు గ్రంథాలయాలకు తలా ఒక కాపీ తమ ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకున్నవాడు పబ్లిషరే కాబట్టి మనకూ వర్తిస్తుంది.

పోస్టు సంగతి కూడా చెప్తాను. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే పాత రిజిస్టర్డ్ బుక్‌పోస్టును 2024 డిసెంబర్‌లో తీసేశారు. 2025 మే 1 నుంచి పుస్తకాలకు జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పైన పన్ను. దుకాణంలో చిన్న కాంటా మీద పెట్టి చూశాను. నా పుస్తకం 155 గ్రాములు. ఒకటి పంపితే 20లో పోతుంది, రెండు కలిపితే 310, పై రేటు పడుతుంది. కవరు బరువు వేరే. కాగితం 60 జీఎస్‌ఎం వేయించి ఉంటే రెండూ కలిసి పోయేవి. ఈ తెలివి ముందే ఉండాల్సింది.

ఐదులో నాలుగు ఇస్తున్నాను. ఒకటి కోసింది ఆలస్యానికి. రంగుకు కోయలేదు, అది నేర్చుకున్నందుకు ఫీజు అనుకున్నాను.

పోయేవాళ్లకు: ఆదివారం ఉండరు. పొద్దున పదకొండు దాటాకే పోవాలి, అంతకుముందు షట్టర్ సగమే తెరిచి ఉంటుంది. బండి టిఫిన్ సెంటర్ ముందర పెడితే గొడవ. మీ ఊరి మాటలు ఉంటే ఫైలుతో పాటు ఒక కాగితం మీద ఆ మాటలన్నీ రాసి ఇవ్వండి, 'ఇవి తప్పులు కావు' అని పైన పెద్దగా. నేను ఇప్పుడు అలాగే ఇస్తున్నాను. రెండో పుస్తకం మూడు కథలు పంపాను, ఆమె ఫోన్ చేసి "అన్నా, ఈసారి కాడి ముట్టను గనీ, 'తాలు' అంటే ఏందో మా పట్నం పిల్లలకు సమజ్ కాదు, కింద రాద్దామా?" అని అడిగింది. వద్దన్నాను. ఆలోచిస్తున్నాను. ఎర్ర పెన్ను మాత్రం మీదే తెచ్చుకోండి, అక్కడ ఉన్నవి ఒక్కటీ రాయవు.